వానలో దంపతుల ప్రయాణము



విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమువరకు సముద్రపుటొడ్డున పోవు బాట మిక్కిలి సొగసైనదని చూచినవారు చెప్పుదురు. ఆదిలాబాదు సీమవారమగు మనకు సముద్రము లేదు. కడెము నది కలదు. మృగశిర ప్రవేశించి వానలు పట్టినచో దాని యొడ్డే మనకు తీరము. శ్రీనగరమునుండి కన్యాకుమారికి పోవు 44వ జాతీయ రహదారి మన ఇచ్చోడ మీదుగనే పోవుచున్నది. దానిపై దక్షిణముగా నేరెడిగొండకు పోయి, అచ్చట ప్రక్కబాట పట్టినచో కుంతాల జలపాతము చేరవచ్చును. కడెము నది అచ్చట సుమారు 147 అడుగుల ఎత్తునుండి దూకుచున్నది. శకుంతల పేరిటనే దానికా పేరు వచ్చినదని పెద్దలందురు. బోథు ప్రాంతపు పొచ్చెర జలపాతము అంత ఎత్తుగలది కాదు గాని, చూడ ముచ్చటైనది.

పండుగకో పెండ్లికో తప్ప గడప దాటని ఇల్లాలికి, భర్తతో ఒక దినము ఊరక తిరిగి వచ్చుట విలాసము కాదు, విశ్రాంతి. అయితే వానకాలపు బాటకు జాగ్రత్త యవసరము. 2022 జూలైలో కడెము ప్రాజెక్టునకు వరద పోటెత్తి, దిగువ ఊళ్ల జనమును ఖాళీ చేయింపవలసి వచ్చిన సంగతి మనమెరుగుదుము.

నిరుడు మేమిద్దరము కుంతాలకు బయలుదేరితిమి. అడవిలో ఒక చప్టాపై ఎర్రనీరు పారుచుండెను. “మోకాలి లోతైనను లేదు. ముందు లారీ పోయినది గదా!” అని మావారనిరి. “లారీ బరువు వేరండీ, మన కారు బరువు వేరు. నీరు తగ్గువరకు ఆగుదము” అంటిని. ఆయనకు కొంత చిన్నతనము తోచినను కారు నాపిరి. వాన కురియుచుండగా జొన్నరొట్టెలు తినుచు మూడు గంటలు కూర్చుంటిమి. పిల్లల చదువులు, అత్తగారి ఆరోగ్యము, తీర్పవలసిన అప్పు, అన్నియు మాటలకు వచ్చినవి. పదునెనిమిదేండ్ల కాపురములో అంతసేపు తీరికగా మాటలాడుకొనుట అదియే మొదలు. నీరు తీసిన పిదప చూడగా చప్టా అంచు ఒక బారెడు కోసుకొనిపోయి యుండెను. మావారు మారు పలుకక కారు వెనుకకు త్రిప్పిరి. జలపాతమును మరుసటి ఆదివారము చూచితిమి.

పారు నీరు అరయడుగు లోతున్నను మనిషిని పడద్రోయగలదు. అడుగు లోతైన చిన్నకారును తేల్పగలదు. రెండడుగులైన పెద్ద బండ్లను సైతము కొట్టుకొనిపోగలదు. నీరు బండిని పైకెత్తుటచే చక్రములకు నేలపై పట్టు తప్పును. బురదనీటి క్రింద బాట యున్నదో తెగినదో కంటికి తెలియదు.

కావున ఉదయమే బయలుదేరి చీకటి పడకమునుపే ఇల్లు చేరుడు. మన తలపై వాన లేకున్నను ఎగువ కురిసిన వాన వాగును పొంగించును. ఆ ఊరివారి నడిగి ముందుకు సాగుడు. తినుబండారములు, త్రాగునీరు, పొడిబట్టలు, టార్చిలైటు వెంట నుంచుకొనుడు. అడవిలో సెల్‌ఫోను పలుకకపోవచ్చును గనుక, ఏ దారిన పోవుచున్నారో, ఎప్పటికి తిరిగి వత్తురో ఇంటిలో చెప్పి కదలుడు. కుంతాలయొద్ద రాళ్లు పాచిపట్టి జారును. అచ్చట నీటిలో దిగి ప్రాణములు కోల్పోయినవారు కలరు. పిల్లల చేయి విడువక ఒడ్డుననే నిలిచి చూడుడు.

అన్నిటికంటె ముఖ్యమైనది, మీకు భయము తోచినచోట “ఆగుదము” అని చెప్పుటకు జంకకుడు. ఆ మాట బండి వాగులో దిగకమునుపే చెప్పవలెను.