ఔషధజన్య స్తబ్ధత వైరాగ్యమా?

విషాదరోగానికి సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ వంటి మందులు సేవించే సాధకులలో కొందరికి ఒక విచిత్రానుభవం కలుగుతుంది. దుఃఖం ఉపశమిస్తుంది, దానితోపాటు నామసంకీర్తనలో పెల్లుబికే కన్నీరూ ఇంకిపోతుంది. హారతి వేళ హృదయం కదలదు. కొందరు దీనిని స్థితప్రజ్ఞతగా భావించి మురిసిపోతారు. అది భ్రాంతి. గీతోక్తమైన సమత్వం వివేకజన్యం. అందులో కరుణ ఎండిపోదు. ద్వాదశాధ్యాయంలోని భక్తలక్షణాలలో మైత్రీకరుణలు ఆదిలోనే ఉన్నాయి. ఈ స్తబ్ధతలోనో, ప్రేమ కూడా మసకబారుతుంది.

మరికొందరు ఇది భక్తిలోపమని కుమిలి, ఏదో ఒక ఏకాదశినాడు భగవంతునిపై భారం వేసి మందులు మానివేస్తారు. ఇది మరింత ప్రమాదకరం. అకస్మాత్తుగా మానితే తలతిరుగుడు, చిరాకు, ఆందోళన, నిద్రాభంగం కలుగవచ్చు. పూర్వవిషాదమూ తిరిగి రావచ్చు. చరకసంహిత చికిత్సను దైవవ్యపాశ్రయం, యుక్తివ్యపాశ్రయం, సత్త్వావజయం అని త్రివిధంగా చెప్పింది. అంటే మంత్రానికీ, ఔషధానికీ, మనోనిగ్రహానికీ ఒకే శాస్త్రంలో స్థానముంది. జపం చేసేవాడు మాత్ర మింగరాదనే నియమం ఎక్కడినుండి వచ్చిందో!

వైద్యునితో "నిద్ర పడుతోంది" అని మాత్రమే చెప్పి లేచి రాకూడదు. "భజనలో మనస్సు కరగడం లేదు, బిడ్డను ఎత్తుకున్నా ఆనందం కలగడం లేదు" అనీ చెప్పాలి. అది రోగశేషమో, ఔషధఫలమో ఆయన విచారిస్తాడు. మోతాదు తగ్గించవచ్చు, మందు మార్చవచ్చు. ప్రారంభవారాలలో కలత పెరిగినా, ప్రాణత్యాగచింత తలెత్తినా ఆనాడే ఇంటివారికీ, వైద్యునికీ తెలియజేయాలి. ఈలోగా నిత్యపూజ రసహీనంగా తోచినా విడువనక్కరలేదు. దీపం వెలిగించి పదకొండు నామాలు పలికినా చాలు.