మన మీద చేస్తే వివక్ష, మనం చేస్తే ఆచారమా?



అమెరికాలో భారతీయుల మీద పెరుగుతున్న ద్వేషం గురించి గత సంచికలో మీరు వేసిన వ్యాసం చదివాను. అందులోని బాధ నిజం. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో, బారులో కూర్చున్న హైదరాబాదు ఇంజనీరును ‘మా దేశం వదిలి పో’ అని అరుస్తూ కాల్చి చంపారు. 2023 జనవరిలో సియాటిల్‌లో పోలీసు కారు ఢీకొని మన తెలుగు విద్యార్థిని చనిపోతే, ఆ ప్రాణానికి పెద్ద విలువ లేదన్నట్టు ఒక పోలీసు అధికారి నవ్వుతూ ఫోన్లో మాట్లాడాడు. 2020లో కార్నెగీ సంస్థ జరిపిన సర్వేలో అమెరికాలోని భారతీయుల్లో సుమారు సగం మంది, గడిచిన ఏడాదిలో తాము వివక్షను ఎదుర్కొన్నామని చెప్పారు. ఎక్కువమంది చెప్పిన కారణం ఒంటి రంగు.

ఇంతవరకూ మీ వ్యాసంతో నాకు పేచీ లేదు. కానీ అక్కడ అవమానం పడుతున్న మనవాళ్లే ఇంకొకరిని ఎలా చూస్తున్నారన్న సంగతి అందులో ఎక్కడా లేదు. అది చెప్పకుండా మన గోడు ఒక్కటే చెప్పుకుంటే వినేవాళ్లకు నమ్మకం కుదరదని నా వాదన.

ఆ అమ్మాయి చనిపోయిన సియాటిల్‌లోనే, నెల తిరక్కుండా, ఫిబ్రవరి 21న నగర కౌన్సిల్ కులవివక్షను నిషేధించింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. ప్రతిపాదన తెచ్చిన క్షమా సావంత్ మన దేశంలో పుట్టిన మనిషే. గట్టిగా అడ్డుపడ్డవాళ్లలోనూ మనవాళ్ల సంఘాలే ముందున్నాయి. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభలు ఇలాంటి బిల్లునే ఆమోదిస్తే అక్కడా ఇదే వరస. చివరికి ఉన్న చట్టాలే చాలంటూ గవర్నర్ న్యూసమ్ అక్టోబరులో దాన్ని తిరస్కరించారు.

వ్యతిరేకించినవాళ్ల మాట కూడా వినాలి. కులం పేరు చట్టంలోకి ఎక్కితే ప్రతి భారతీయుణ్ణీ దోషిలా చూస్తారని వాళ్ల భయం. ఇప్పటికే అనుమానపు చూపుల మధ్య బతుకుతున్నవాళ్లకు ఆ భయం ఉండటం సహజం. అయితే రంగు పేరుతో వివక్ష చూపకూడదని చట్టం చేసినప్పుడు తెల్లవాళ్లందరూ దోషులైపోలేదు. కులం పేరుతో అవమానించకూడదన్న చట్టం పై కులం వాడిని కూడా కాపాడుతుంది.

అసలు అక్కడ కులవివక్షే లేదన్నది రెండో వాదన. కార్నెగీ సర్వేలోనే కులం వల్ల ఇబ్బంది పడ్డామన్నవాళ్లు నూటికి ఐదుగురే అని చూపిస్తారు. కానీ ఆ సర్వేలోనే, తమకు ఒక కులం ఉందని చెప్పుకున్న హిందువుల్లో నూటికి ఎనభై మందికి పైగా జనరల్ లేదా అగ్రకులాలవాళ్లు. చెప్పు కరవనివాళ్లనే ఎక్కువగా పిలిచి ‘నొప్పిగా ఉందా’ అని అడిగితే వచ్చే జవాబు అలాగే ఉంటుంది.

ఇంకొకరిని తక్కువగా చూస్తూ మనకు మాత్రం గౌరవం అడిగే ఈ ధోరణికి వందేళ్ల చరిత్ర ఉంది. పంజాబు నుంచి వెళ్లి, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్, పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా పోరాడాడు. వలస వచ్చినవాళ్లలో తెల్లవాళ్లకూ, ఆఫ్రికా సంతతివాళ్లకూ తప్ప అప్పట్లో పౌరసత్వం ఇచ్చేవాళ్లు కాదు. ఆ నియమమే అన్యాయమని అతని తరఫువాళ్లు వాదించలేదు. ఇతను అగ్రకులం వాడు, ఆర్యుడు, కనుక తెల్లవాడే అన్నారు. పెళ్లి విషయంలో తెల్లవాడు నల్లవాడిని ఎలా చూస్తాడో, మా దేశంలో అగ్రకులం వాడు ఆదివాసిని అలాగే చూస్తాడని కూడా రాసిచ్చారు. 1923లో కోర్టు ఏకగ్రీవంగా కాదు పొమ్మంది. అప్పటికే పౌరులైన భారతీయులు ఎందరో ఆ తీర్పుతో పౌరసత్వం పోగొట్టుకున్నారు. కిందివాళ్లను తక్కువ చేసి పైవాళ్ల పక్కన కుర్చీ అడిగినందుకు దక్కింది అది.

మరి మనకు దారి ఇచ్చిందెవరు? 1946లో ఒక చట్టం చేసి భారతీయులకు ఏడాదికి వంద మంది కోటా విదిల్చారు. అసలు మార్పు 1965 వలస చట్టంతో వచ్చింది. అంతకుముందు ఏడాది పౌరహక్కుల చట్టం, ఆ ఏడాదే ఓటు హక్కు చట్టం వచ్చాయి. పుట్టుకను బట్టి మనిషిని వడకట్టడం తప్పన్న మాటను నల్లజాతివాళ్లు లాఠీ దెబ్బలు తిని, జైళ్లకు వెళ్లి దేశం చేత ఒప్పించారు. వలస చట్టం మారింది ఆ గాలిలోనే. అయినా ఈవేళ కొత్తగా వెళ్లిన మన కుర్రాడికి మనవాళ్లిచ్చే మొదటి సలహా ‘అది నల్లోళ్ల ఏరియా, అటు ఇల్లు తీసుకోకు’ అని. ఆ వెంటనే ‘మీ ఇంటిపేరేంటి? ఏ ఊరు?’ అని ఆరా. అడుగుతున్నది ఊరి గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

వేరే దారి చూపినవాళ్లు మనలోనే ఉన్నారు. ఆ 1946లోనే అంబేద్కర్, నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాశారు. నల్లవాళ్ల స్థితికీ మన దేశంలోని అంటరానివాళ్ల స్థితికీ ఎంతో పోలిక ఉందంటూ, ఐక్యరాజ్యసమితికి వాళ్లు పంపిన విజ్ఞప్తి ప్రతి కావాలని అడిగారు. మేము వాళ్లలాంటివాళ్లం కాదని థింద్ పక్షం వాదిస్తే, మాదీ వాళ్లలాంటి బతుకేనని ఆయన చెప్పారు. మన సంఘాలు ఎవరి బాట పడతాయో తేల్చుకోవాలి.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. అమెరికాలోని తెలుగు సంఘాలు తమ నియమావళిలో కులవివక్ష చూపకూడదని ఒక వాక్యం చేర్చాలి. ఉల్లంఘిస్తే సభ్యత్వం తీసేయాలి. అలా చేశాక మన మీద జరిగే వివక్ష గురించి అక్కడి సెనేటర్లకు వినతిపత్రం ఇస్తే, ‘మీ ఇంట్లో సంగతేంటి’ అని అడిగే వీలు ఎవరికీ ఉండదు.

పత్రికకు కూడా ఒక మనవి. ఒంటి రంగు చూసి మనవాళ్లను అవమానిస్తున్నారని రాసిన ఆ సంచికలోనే, పెళ్లి సంబంధాల పేజీలో అమెరికాలో ఉద్యోగం చేస్తున్న వరుడికి ఫలానా కులం, ‘ఫెయిర్’ వధువు కావాలన్న ప్రకటనలు ఉన్నాయి. వాటిని ఆపేయమంటే మీ రాబడి దెబ్బతింటుందని తెలుసు. కనీసం, కులమూ రంగూ అడగని ప్రకటనలకు సగం ధరే తీసుకుంటామని వచ్చే సంచికలో ప్రకటించండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయనగరం