తొలి కొలువు ఎక్కడ?

నర్సింగు సహాయకురాలిగా శిక్షణ ముగించిన విద్యార్థినులు తొలుత అడుగు ప్రశ్న "జీతమెంత?" అని. "నాకు పని నేర్పువారెవరు?" అని ముందుగా అడుగవలెనని నా అభిప్రాయము.

నాడి చూచుట, కదలలేని రోగిని ఒత్తిగిలజేసి పుండ్లు పడకుండ కాపాడుట పుస్తకము చదివినంతనే అబ్బవు. అనుభవముగల స్టాఫ్ నర్సు ప్రక్కన నిలిచి నేర్వవలెను. క్రొత్తపిల్లకు ఒంటరిగా రాత్రి డ్యూటీ అప్పగించుచోట జీతము కొంత ఎక్కువైనను, పొరపాటు జరిగిననాడు నింద ఆమెది, ప్రాణము రోగిది.

ఇందుకై హైదరాబాదు పోనక్కరలేదు. మహబూబాబాదులో 2022లోను, జనగామ, భూపాలపల్లిలలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ఆరంభమైనవి. వాటి ఆసుపత్రుల జనరల్ వార్డులలో అవకాశము లభించినచో తొలి రెండేండ్లు అచ్చట గడుపుట మేలు. రోగి తెలుగున మూలిగినను, ఉర్దూలో పిలిచినను, లంబాడీలో బాధ చెప్పుకొనినను గ్రహింపగల మన బిడ్డలు మన వార్డులకే ముందు కావలెను.