పెద్ద కార్బురేటర్ ఒక్కటే మందు కాదు



పాత అంబాసిడర్‌కు పెద్ద కార్బురేటర్ బిగిస్తే పికప్, మైలేజీ రెండూ పెరుగుతాయన్న గత సంచిక వ్యాసంతో ఏకీభవించలేను. 1489 సీసీ ఇంజిన్ పీల్చే గాలికి ఒక లెక్కుంది. సోలెక్స్ లాంటి కార్బురేటర్లలో గొంతు మరీ వెడల్పైతే, తక్కువ వేగంలో గాలి వడి తగ్గి పెట్రోలు సరిగా తుంపరగా మారదు. ట్రాఫిక్‌లో బండి ఈడ్చుకుంటూ పోతుంది.

అసలు కార్బురేటర్‌పై చెయ్యి వేయకముందే వాల్వ్ క్లియరెన్స్, ఇగ్నిషన్ పాయింట్ల గ్యాప్, టైమింగ్ చూడాలి. నేను రెండు ఆదివారాలు కార్బురేటర్‌నే తిప్పీ తిప్పీ విసిగాను. చివరికి అసలు దొంగ ఇగ్నిషన్‌లోని కండెన్సర్ అని తేలింది!

పాత ఎస్‌యూ కార్బురేటర్ ఉన్నవారు అందులోని పిస్టన్‌ను, ఇంజిన్ నడుస్తుండగా, ఒక్క మిల్లీమీటరు లేపి చూడండి. ఇంజిన్ వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువ, ఆగిపోబోతే తక్కువ. క్షణం పెరిగి సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టే. డాష్‌పాట్‌లో నూనె మరిచిపోకండి.

వ్యాసకర్త ఇథనాల్ మాటే ఎత్తలేదు. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుతో మిశ్రమం పలచబడుతుంది, పాత రబ్బరు గొట్టాలు, వాషర్లు పాడవుతాయి. కొత్త కార్బురేటర్‌కు దాచిన డబ్బులో కొంత ముందు వాటికి ఖర్చుపెట్టమనండి.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం