ఎవరికీ మెజారిటీ ఇవ్వని ఓటరు ఏమి ఆశించాడు?

బ్రిటన్‌లో 2010 మే 6వ తేదీన సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. ఆ రాత్రి సరిగ్గా 10 గంటలకు పోలింగు కేంద్రాల తలుపులు మూతపడ్డాయి. షెఫీల్డ్, మాంచెస్టర్, లీడ్స్ నగరాల్లోనూ, లండన్‌లోని హాక్నీ ప్రాంతంలోనూ కొన్ని కేంద్రాల ముందు అప్పటికింకా జనం బారులు తీరి ఉన్నారు. గంటల తరబడి నిరీక్షించిన వారిని సమయం మించిపోయిందంటూ అధికారులు వెనక్కి పంపివేశారు. కొన్నిచోట్ల ప్రజలు అక్కడి నుండి కదలడానికి నిరాకరించగా, పోలీసులను పిలిపించవలసి వచ్చింది. ఆ దేశపు ఎన్నికల సంఘం తరువాత జరిపిన విచారణలో 27 కేంద్రాల వద్ద 1,200 మందికి పైగా ఈ విధంగా ఓటు హక్కును కోల్పోయారని తేలింది.

మన దేశంలో ముగింపు సమయానికి వరుసలో ఉన్నవారందరికీ చీటీలు పంచి, ఎంత పొద్దుపోయినా వారి చేత ఓటు వేయించడం మనకు తెలిసిన పద్ధతి. పార్లమెంటరీ ప్రజాస్వామ్యానికి పుట్టినిల్లుగా పేరొందిన దేశంలో ఆనాటికి ఈపాటి ఏర్పాటు కూడా లేదు. ప్రజాగ్రహం ఫలితంగా 2013లో చట్టాన్ని సవరించి, వరుసలో ఉన్నవారికి ఓటు వేసే అవకాశం కల్పించారు. రాజకీయాలపై జనానికి విసుగు పుట్టిందని పండితులు వాపోతున్న కాలంలోనే సామాన్యులు తమ ఒక్క ఓటు కోసం చీకటిలో నిలబడి పట్టుబట్టారన్నది గుర్తుంచుకోదగిన విషయం. ఆ తరువాత వెలువడిన ఫలితాన్ని వారు ఎలా స్వీకరించారో అర్థం చేసుకోవడానికి ఈ పట్టుదలే తాళం చెవి.

650 స్థానాలు గల కామన్స్ సభలో కన్జర్వేటివ్ పార్టీకి 306, లేబర్ పార్టీకి 258, లిబరల్ డెమోక్రాట్లకు 57 స్థానాలు లభించాయి. ప్రభుత్వం ఏర్పాటుకు అవసరమైన 326 ఎవరికీ దక్కలేదు. 1974 ఫిబ్రవరి తరువాత, అంటే 36 ఏళ్లకు మళ్లీ బ్రిటన్ ఓటర్లు త్రిశంకు సభను ఎన్నుకున్నారు. స్పష్టమైన ఆధిక్యత రాకపోతే దేశ ఆర్థిక వ్యవస్థ అస్థిరతకు లోనవుతుందని కన్జర్వేటివ్ నాయకులు ప్రచారమంతటా హెచ్చరిస్తూనే వచ్చారు. ఓటర్లు ఆ హెచ్చరికను విన్నారు, కానీ భయపడలేదు.

ఫలితం చూసిన ప్రజల్లో పలు రకాల స్పందనలు వ్యక్తమయ్యాయి. ఏ ఒక్క పార్టీకీ పగ్గాలు పూర్తిగా అప్పగించకపోవడమే మంచిదని కొందరు సంతోషించారు. అంతకు ముందు ఏడాదే పార్లమెంటు సభ్యులు తమ ఇళ్ల మరమ్మతుల నుండి తోట పనుల వరకు ప్రజాధనం వాడుకున్న భాగోతం బయటపడింది. అటువంటి నాయకులు కొంతకాలం ఒకరి మాట ఒకరు వినక తప్పని స్థితిలో ఉండడమే మేలని వారు భావించారు. మరికొందరు ఎన్నికల విధానాన్నే తప్పుపట్టారు. లిబరల్ డెమోక్రాట్లకు 23 శాతం ఓట్లు వచ్చాయి; స్థానాలు మాత్రం నూటికి తొమ్మిదైనా లేవు. ఇదేమి న్యాయమంటూ మే 8న లండన్‌లో దాదాపు వేయి మంది ఊదారంగు గుర్తులు ధరించి, ఆ పార్టీ నాయకులు సమావేశమైన భవనం ముందు ప్రదర్శన జరిపారు. పార్టీ నేత నిక్ క్లెగ్ స్వయంగా బయటకు వచ్చి వారితో మాట్లాడవలసి వచ్చింది.

ఇంకొందరిని ఆ అయిదు రోజుల అనిశ్చితి చికాకు పరచింది. ఓడిన ప్రధాని గార్డన్ బ్రౌన్ ఇంకా అధికార నివాసంలోనే ఉన్నాడేమిటని ప్రశ్నించారు. ఒక పత్రిక ఆయనను ఏకంగా ఇల్లు ఆక్రమించుకున్న వ్యక్తిగా చిత్రించింది. వాస్తవానికి తదుపరి ప్రధాని ఎవరో తేలే వరకు పదవిలో ఉన్నవారు బాధ్యతలు వదలి వెళ్లరాదన్నది ఆ దేశపు సంప్రదాయం. చివరికి మే 11న బ్రౌన్ రాజీనామా చేశాడు. కన్జర్వేటివ్ నేత డేవిడ్ కామెరాన్ ప్రధానిగా, క్లెగ్ ఉపప్రధానిగా సంకీర్ణ ప్రభుత్వం ఏర్పడింది.

"ప్రజలు సంకీర్ణాన్ని కోరుకున్నారు" అని ఆ రోజుల్లో తరచుగా వినిపించిన మాట. ఈ మాటను జాగ్రత్తగా పరిశీలించాలి. దాదాపు 2 కోట్ల 97 లక్షల మంది ఓటు వేశారు. వారిలో ఎవరి చేతిలోని బ్యాలెట్ కాగితం మీదా "సంకీర్ణం" అనే గడి లేదు. ప్రతి ఒక్కరూ తమకు నచ్చిన ఒక అభ్యర్థి పేరు ఎదుట గుర్తు పెట్టారు. ఆ ఓట్లన్నీ కలిపి లెక్కిస్తే ఎవరికీ ఆధిక్యత రాలేదు. అంతే! లెక్క ఫలితాన్ని ప్రజల కోరికగా చెప్పుకోవడం నాయకులకు సౌకర్యంగా ఉంటుంది. ఎందుకంటే, ఇచ్చిన వాగ్దానాన్ని పక్కన పెట్టవలసి వచ్చినప్పుడు "మీరు కోరుకున్న సంకీర్ణమే కదా, సర్దుకుపోవాలి" అని ప్రజల మీదికే నెట్టవచ్చు.

కన్జర్వేటివ్‌లను అధికారానికి దూరంగా ఉంచాలన్న తలంపుతో అనేక నియోజకవర్గాల్లో లేబర్ అభిమానులు సైతం లిబరల్ డెమోక్రాట్లకు ఓటు వేశారు. తమ ఓటే కామెరాన్‌ను ప్రధానిని చేసిందని తెలిసినప్పుడు వారి మనసు ఎంతగా చివుక్కుమని ఉంటుంది! బ్రిటన్ ముస్లిం కుటుంబాల్లో ఈ బాధకు మరో కారణం కూడా ఉంది. 2003లో ఇరాక్‌పై యుద్ధాన్ని లిబరల్ డెమోక్రాట్లు పార్లమెంటులో వ్యతిరేకించారు. ఆ యుద్ధానికి దిగిన లేబర్ పార్టీకి దూరమై, ఎంతోమంది ముస్లిం ఓటర్లు ఆ పార్టీ వైపు మొగ్గారు. ఇప్పుడు అదే పార్టీ, యుద్ధానికి మద్దతు పలికిన కన్జర్వేటివ్‌ల సరసన కూర్చున్నది. అయితే ఆ ఎన్నిక ముస్లిం సమాజానికి నిరాశను మాత్రమే మిగిల్చిందని అనుకోరాదు. షబానా మహమూద్, యాస్మిన్ ఖురేషీ, రుషనారా అలీ - ఈ ముగ్గురూ కామన్స్ సభలో అడుగుపెట్టిన తొలి ముస్లిం మహిళలుగా చరిత్రకెక్కినది ఆ ఎన్నికలోనే. సయీదా వార్సీ మంత్రివర్గ సమావేశంలో స్థానం పొందిన తొలి ముస్లిం మహిళ అయినది కూడా అప్పుడే.

సంకీర్ణంలో సర్దుబాటు తప్పదు. ఇద్దరు కలిసి కాపురం చేసినా, పదిమంది కలిసి వ్యాపారం చేసినా ఎవరి పంతం వారు నెగ్గించుకోలేరు. ఈ సంగతి సామాన్యునికి నాయకులకంటే బాగా తెలుసు. కాబట్టి సర్దుబాటును ప్రజలు తప్పుపట్టలేదు. దేనిని వదులుకున్నారన్నదే వారు అడిగిన ప్రశ్న.

ఎన్నికల ముందు లిబరల్ డెమోక్రాట్లు, కన్జర్వేటివ్‌లు గెలిస్తే విలువ ఆధారిత పన్ను పెంచి సామాన్యుని నెత్తిన బాంబు వేస్తారని పోస్టర్లు వేశారు. జూన్ 22న ప్రవేశపెట్టిన బడ్జెట్‌లో ఆ పన్నును 17.5 శాతం నుండి 20 శాతానికి పెంచుతున్నట్లు సంకీర్ణ ప్రభుత్వమే ప్రకటించింది. పోస్టర్లు వేసినవారు ఇప్పుడు ప్రభుత్వంలో భాగస్వాములు. ఇంతకంటే లోతైన గాయం విద్యార్థులకు తగిలింది. విశ్వవిద్యాలయాల ఫీజులను పెంచే ఎటువంటి ప్రతిపాదననైనా వ్యతిరేకిస్తామని క్లెగ్‌తో సహా ఆ పార్టీ అభ్యర్థులు ఒక ప్రతిజ్ఞాపత్రంపై సంతకాలు చేసి, దానిని చేతబట్టుకొని ఫోటోలు దిగారు. మాట తప్పే రాజకీయాలకు ఇక వీడ్కోలు పలకాలన్నదే వారి ప్రచార చిత్రం సారాంశం. డిసెంబరు 9న ఇంగ్లండ్‌లో ఫీజుల పరిమితిని ఏడాదికి 3,290 పౌండ్ల నుండి 9,000 పౌండ్లకు పెంచే ప్రతిపాదన సభ ముందుకు వచ్చింది. 323 ఓట్లు అనుకూలంగా, 302 ఓట్లు వ్యతిరేకంగా పడగా అది నెగ్గింది. ఆ పార్టీ సభ్యుల్లో 21 మంది తమ సంతకానికి కట్టుబడి వ్యతిరేకంగా ఓటు వేశారు. క్లెగ్ అనుకూలంగా వేశారు.

ఆయన నియోజకవర్గం షెఫీల్డ్ హాలం. మే 6న ఓటు వేయలేక వెనుదిరిగిన వారిలో ఆ నియోజకవర్గపు విద్యార్థులు ఎందరో ఉన్నారు. ఓటు కోసం రాత్రి దాకా నిలబడిన ఆ యువతకు ఏడు నెలలు తిరిగేసరికి లభించిన బహుమానం ఇది.

2012 సెప్టెంబరులో క్లెగ్ ప్రజలను క్షమించమని కోరారు. అయితే ఆయన మన్నింపు కోరినది ఫీజులు పెంచినందుకు కాదు. నెరవేర్చగలమన్న నిశ్చయం లేకుండా ప్రతిజ్ఞ చేసినందుకు. తప్పు ఒప్పుకోవడం గొప్ప గుణమే. కానీ ఓటరు దృష్టిలో ఆ తప్పు అసంపూర్ణంగానే మిగిలిపోయింది. 2015 ఎన్నికల్లో ఆ పార్టీ 57 స్థానాల నుండి 8 స్థానాలకు కుంచించుకుపోయింది. 2017లో షెఫీల్డ్ హాలం ఓటర్లు క్లెగ్‌నే ఓడించారు. అన్నీ ఆ ఒక్క కారణం వల్లనే జరిగాయని చెప్పలేము. అయినా ఆ సంతకాన్ని ప్రజలు మరచిపోలేదన్నది మాత్రం నిజం.

అదే 2017 ఎన్నిక మరో పాఠం నేర్పింది. తన బలాన్ని పెంచుకోవాలని గడువుకు ఎంతో ముందుగా ఎన్నికలు ప్రకటించిన ప్రధాని థెరిసా మే ఉన్న ఆధిక్యతను కూడా పోగొట్టుకున్నారు. మళ్లీ ఎన్నికలా అంటూ ఒక వృద్ధురాలు టెలివిజన్ విలేఖరి ముందు వెలిబుచ్చిన విసుగు దేశమంతటా మారుమోగింది. ప్రచార సమయంలో జీతం పెరగలేదని అడిగిన ఒక నర్సుకు, డబ్బులు కాసే చెట్టేదీ లేదని ప్రధాని సమాధానమిచ్చారు. ఎన్నికలు ముగిసిన నెల లోపే ఉత్తర ఐర్లండ్‌కు చెందిన పది మంది సభ్యుల పార్టీ మద్దతు కోసం ఆ ప్రాంతానికి అదనంగా 100 కోట్ల పౌండ్లు కేటాయించారు. మరి ఆ చెట్టు ఇప్పుడు ఎక్కడ దొరికిందని సామాన్యులు అడిగారు. సమాధానం లేని ప్రశ్న అది.

1974 అనుభవం కూడా ఇటువంటిదే. "దేశాన్ని పాలించేది ఎవరు?" అని ప్రధాని ఎడ్వర్డ్ హీత్ ప్రజల ముందుంచిన ప్రశ్నకు ఆ ఫిబ్రవరిలో వచ్చిన సమాధానం లేబర్‌కు 301, కన్జర్వేటివ్‌లకు 297. ఓట్లు మాత్రం కన్జర్వేటివ్‌లకే రెండు లక్షలకు పైగా అధికం. లిబరల్ పార్టీకి 60 లక్షల ఓట్లు, 14 స్థానాలు! అక్టోబరులో మళ్లీ ఎన్నికలు జరిపితే లేబర్‌కు మూడే మూడు స్థానాల ఆధిక్యత లభించింది. ఫిబ్రవరిలో 78.8 శాతంగా ఉన్న పోలింగు అక్టోబరుకు 72.8 శాతానికి తగ్గింది. ఓటరు చేత పదే పదే అదే ప్రశ్నకు జవాబు రాయించాలని చూస్తే, కొందరు పరీక్షకే రావడం మానుకుంటారు.

ఈ విషయాలు మనకెందుకు అనిపించవచ్చు. సంకీర్ణాలు మనకు కొత్త కాదు. 1996లో కేంద్రంలో ఎవరికీ మెజారిటీ రానప్పుడు వాజ్‌పేయి ప్రభుత్వం 13 రోజులకే పడిపోవడం, యునైటెడ్ ఫ్రంట్ కన్వీనరుగా తెలుగునేలకు చెందిన చంద్రబాబు నాయుడు వ్యవహరించడం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. పైగా బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసించే కామన్వెల్త్ దేశాల పౌరులకు అక్కడి సార్వత్రిక ఎన్నికల్లో ఓటు హక్కు ఉన్నది. అంటే చదువు కోసమో, ఉద్యోగం కోసమో భారత పాస్‌పోర్టుతో వెళ్లిన మన తెలుగు బిడ్డలు కూడా పేరు నమోదు చేసుకుంటే అక్కడ ఓటు వేయవచ్చు. మీ ఇంటి పిల్లలు అక్కడ ఉంటే, ఈ సంగతి వారికి తెలుసో లేదో ఒకసారి అడగండి.

ఓటు ఒక అమానతు అని మన ఇళ్లలో పెద్దలు చెబుతుంటారు. అమానతుకు రెండు వైపులు ఉంటాయి: అప్పగించేవారు, స్వీకరించేవారు. అప్పగించేటప్పుడు జాగ్రత్త వహించడం మన వంతు. ఎన్నికల ప్రణాళికలో ఏమి రాశారు, ఏ మాటపై సంతకం చేశారు, అవసరమైతే ఎవరితో చేతులు కలుపుతారు - ఈ మూడూ ఓటు వేయక ముందే అడగాలి. వేసిన తరువాత గుర్తుంచుకోవాలి. ఇంట్లో ఎన్నికల ముచ్చట వచ్చినప్పుడు ఎవరు గెలుస్తారన్న పందేల కంటే, ఎవరు ఏ మాట ఇచ్చారన్న చర్చ జరగాలి. వినే పిల్లలకు అది పౌరనీతి పాఠమవుతుంది.

ఆధిక్యత సాధించిన పార్టీ మాట తప్పితే చెప్పుకోవడానికి సాకు ఉండదు. ఎవరికీ ఆధిక్యత రానప్పుడు మాత్రం సాకులు సులభంగా దొరుకుతాయి. నాయకుని నిజాయితీకి అసలు పరీక్ష ఆ రోజే. బ్రిటన్ ఓటర్లు ఆ పరీక్ష జవాబుపత్రాన్ని అయిదేళ్లు భద్రపరచి, తీరిగ్గా మార్కులు వేశారు. మనకు ఉండవలసినది ఆ జ్ఞాపకశక్తే.