చంకలో బిళ్ల తగ్గకపోతే...

పుట్టగానే ఎడమ భుజానికి వేసే బీసీజీ టీకా చాలా ఇళ్లల్లో ఓ మచ్చగానే గుర్తుంటుంది. కొన్ని వారాలకు పొక్కు లేస్తుంది, కాస్త చీము పడుతుంది, మందు రాయకుండానే మానిపోతుంది. ఒక్కోసారి చంకలో చిన్న బిళ్ల కడుతుంది. అదీ చాలావరకు కొన్ని నెలల్లో దానంతటదే కరిగిపోతుంది. కంగారు అక్కర్లేదు.

కంగారు పడాల్సిన బిడ్డ వేరు. మండపేటలో ఒక ఇల్లు అనుకోండి. మేనరికం. మొదటి బిడ్డ ఆర్నెల్లకే జ్వరంతో పోయాడు. రెండోవాడికి ఇప్పుడు నాలుగో నెల. చంకలో బిళ్ల పెరుగుతోంది. మెడలోనూ కనిపిస్తోంది. జ్వరం విడవడం లేదు, బరువు పెరగడం లేదు, పొట్ట ఉబ్బింది. 'ఆ ఇంట్లో పిల్లలు నిలవరు' అంటారు ఇరుగుపొరుగు. దిష్టి తీసి ఊరుకోకుండా ఆ మాటే డాక్టరు చెవిన వేస్తే రోగనిర్ధారణ అక్కడే మొదలవుతుంది. తల్లి అన్నదమ్ములెవరైనా పసితనంలో పోయారేమో కూడా చెప్పాలి. డాక్టరు అడగకపోయినా సరే!

బీసీజీలో ఉండేది బలహీనపరిచిన సజీవ బ్యాక్టీరియా. పశువుల క్షయ క్రిమిని ఫ్రాన్స్‌లో ఏళ్ల తరబడి పెంచి మెత్తబరిచి, 1921లో తొలిసారి ఓ శిశువుకు ఇచ్చారు. మన దేశంలో 1948లో ఈ టీకా మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లోపించిన బిడ్డలో ఈ క్రిమి భుజం దగ్గర ఆగదు. కాలేయం, ప్లీహం, ఎముకల దాకా పాకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన ఇలా జరిగేది పది లక్షల డోసులకు సుమారు రెండు నుంచి నాలుగు సార్లు.

చిక్కంతా పరీక్షల్లోనే. బిళ్లలోని చీములో క్రిమి కనపడగానే 'టీబీ' అని తేల్చేసి, ఇంట్లో దగ్గేవాళ్లెవరని వెతుకుతారు. మైక్రోస్కోపు కింద రెండూ ఒకేలా ఉంటాయి. మామూలుగా చేసే సీబీనాట్ పరీక్షా తేడా చెప్పదు. టీకా క్రిమిలో ఆర్‌డీ1 అనే జన్యుభాగం ఉండదు. దానికోసం వెతికే పరీక్ష చేస్తేనే విషయం బయటపడుతుంది. ఇది తేలడం ముఖ్యం. క్షయ మందుల్లో ఒకటైన పైరజినమైడ్ ఈ క్రిమిపై పనిచేయదు. పైగా అసలు జబ్బు లోపలే ఉండిపోతుంది. రక్తపరీక్షలో లింఫోసైట్లు బాగా తగ్గడం, ఎక్స్‌రేలో థైమస్ నీడ లేకపోవడం తొలి ఆనవాళ్లు. అవి మామూలుగా ఉన్నా కొన్ని లోపాలు దాగి ఉండొచ్చు కాబట్టి ఇమ్యూనాలజీ పరీక్షలు తప్పవు. తీవ్రమైన లోపాలకు మూలకణ మార్పిడే దారి.

పసివాళ్లను మెదడు క్షయ నుంచి కాపాడే టీకా ఇది. మిగతా ఇళ్లవాళ్లు మానేయకూడదు. కానీ పిల్లలు నిలవని ఇంట్లో మళ్లీ కాన్పు వస్తుంటే ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. బిడ్డకు రోగనిరోధక పరీక్షల ఫలితం వచ్చేదాకా బీసీజీ, పోలియో చుక్కలు, రోటా చుక్కలు ఆపి ఉంచే వీలుంది.