పొద్దున్నే బస్సు స్టార్ట్ కాలేదంటే.. లోపం ఎక్కడ? బాధ్యత ఎవరిది?

రాత్రి చివరి ట్రిప్పుగా ఊరికి వచ్చి, అక్కడే ఆగి, తెల్లవారుజామున మళ్లీ పట్నానికి బయలుదేరే బస్సును నైట్ హాల్ట్ బస్సు అంటారు. కాలేజీ పిల్లలు, మార్కెట్‌కు కూరగాయలు తీసుకెళ్లే రైతులు, ఆస్పత్రిలో ఓపీ చీటీ కోసం ముందుగా చేరాల్సిన వాళ్లు.. అందరికీ అదే ఆధారం. అంతా ఎక్కి కూర్చున్నాక డ్రైవర్ సెల్ఫ్ కొడితే ఇంజిన్ అందుకోదు. రెండోసారి, మూడోసారి కొట్టినా అంతే. ‘బస్సు పాతదై ఉంటుంది’ అనుకుంటూ అందరూ దిగుతారు. ఆటో దొరికిన వాళ్లు వెళ్తారు, దొరకని వాళ్లకు ఆ రోజు పని పోతుంది.

చాలాసార్లు కారణం బస్సు వయసు కాదు. పెద్ద ఇంజిన్‌ను ఆపేసేది ఒక్కోసారి వదులైన తీగ, మరోసారి నీళ్లు చేరిన ఫిల్టర్. ఆ లోపాన్ని ఎలా పట్టుకుంటారు? ముందే ఎందుకు పట్టుకోలేకపోయారు?

డీజిల్ ఇంజిన్ అందుకోవాలంటే ఏం కావాలి?

పెట్రోల్ బండిలో ఇంధనాన్ని మండించడానికి స్పార్క్ ప్లగ్ ఉంటుంది. డీజిల్ ఇంజిన్‌లో అది ఉండదు. సిలిండర్‌లోని గాలిని పిస్టన్ గట్టిగా నొక్కుతుంది. ఆ ఒత్తిడికి గాలి 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది. అప్పుడు సన్నటి తుంపరగా చిమ్మిన డీజిల్ దానంతట అదే అంటుకుంటుంది.

అంటే మూడు కుదరాలి. సెల్ఫ్ మోటార్ ఇంజిన్‌ను తగినంత వేగంగా తిప్పాలి. గాలి, నీళ్లు కలవని డీజిల్ సరిగ్గా అందాలి. సిలిండర్‌లో ఒత్తిడి నిలవాలి. కొత్త బస్సుల్లో నాలుగోది కూడా ఉంది. ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ (ఈసీయూ) డీజిల్ చిమ్మడానికి అనుమతించాలి.

మెకానిక్ ముందుగా ఏం చూస్తారు?

అనుభవమున్న మెకానిక్ పానా పట్టుకునే ముందు ‘ఒకసారి సెల్ఫ్ కొట్టు’ అంటారు. ఆ శబ్దంలోనే సగం సమాధానం ఉంటుంది.

ఏ శబ్దమూ రాకపోతే బ్యాటరీ కట్-ఆఫ్ స్విచ్, ఫ్యూజు, రిలే, బ్యాటరీ టెర్మినళ్లు చూడాలి. ‘టక్’మని ఆగిపోతే బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా సెల్ఫ్ మోటార్ సోలనాయిడ్‌లో లోపం ఉండాలి. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొడితే తేడా తెలుస్తుంది. లైట్లు బాగా మసకబారితే బ్యాటరీని, ఏ మార్పూ లేకుండా వెలుగుతుంటే సోలనాయిడ్, రిలే, వాటి వైరింగ్‌ను ముందుగా అనుమానించాలి.

బస్సులో సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీలు రెండింటిని కలిపి 24 వోల్టులు తీసుకుంటారు. నిండా చార్జ్ ఉంటే మీటర్ 25 వోల్టులకు పైనే చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు అది 18 కంటే కిందికి పడిపోతే బ్యాటరీల్లో పస లేనట్టే. రెండింటిలో ఒకటి పాడైనా రెండోది దానితో పాటే దిగిపోతుంది. ఒక్కోసారి బ్యాటరీలు బాగానే ఉండి, ఎర్త్ వైరు తుప్పుపట్టి ఉంటుంది. టెర్మినల్ గీకి, నట్టు బిగిస్తే పోయే లోపానికి కొత్త బ్యాటరీ ఖర్చు పెట్టిన సందర్భాలూ ఉంటాయి.

ఇంజిన్ తిరుగుతోంది కానీ అందుకోవట్లేదు. అప్పుడు?

అప్పుడు సైలెన్సర్ వైపు చూడాలి. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ పొగే రాకపోతే సిలిండర్లకు డీజిల్ చేరడం లేదని అర్థం. తెల్లటి పొగ వస్తుంటే డీజిల్ చేరుతోంది, మండటం లేదు. అంటే ఒత్తిడి చాలకపోవడమో, టైమింగ్ తప్పడమో కారణం కావచ్చు.

డీజిల్ చేరకపోతే ట్యాంకు నుంచి వరుసగా చూసుకుంటూ రావాలి. ట్యాంకులో డీజిల్ ఉందా? పైపు ఎక్కడైనా గాలి పీలుస్తోందా? ఫిల్టర్ మూసుకుపోయిందా? నీళ్లను వేరుచేసే గిన్నె నిండిపోయిందా? పైపులో గాలి చేరడాన్నే ‘ఎయిర్ పట్టింది’ అంటారు. పాత తరం ఇంజిన్లలో ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా చేతి పంపు కొడితే ఎయిర్ పోతుంది. డ్రైవరే చేసుకోగలిగిన పని ఇది. అయితే గాలి ఎక్కడి నుంచి వచ్చిందో వెతక్కపోతే రేపు మళ్లీ అదే కథ.

బీఎస్-6 బస్సులతో ఏం మారింది?

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బీఎస్-6 ప్రమాణాలు అమల్లోకి వచ్చాయి. ఈ తరం డీజిల్ బస్సుల్లో కామన్ రైల్ విధానం ఉంటుంది. కారు టైరులో గాలి ఒత్తిడి రెండు బార్లకు కాస్త అటూ ఇటూ ఉంటే, ఇంజిన్ నడిచేటప్పుడు ఈ రైల్‌లో డీజిల్ ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. స్టార్ట్ కావడానికే సుమారు 200 బార్లు కావాలి. అంత రాకపోతే ఈసీయూ ఇంజెక్టర్లను తెరవదు. అందుకే పాత అలవాటు కొద్దీ హై ప్రెజర్ పైపు నట్టు వదులు చేయడం ఇక్కడ ప్రమాదకరం. అంత ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

ఈ బస్సులకు స్కానర్ తగిలించి ఫాల్ట్ కోడ్ చదవాలి. క్రాంక్ సెన్సర్ సిగ్నల్ రాకపోతే మిగతావన్నీ బాగున్నా ఇంజిన్ అందుకోకపోవచ్చు. రైల్ ఒత్తిడి పెరగకపోతే ఒక్కో ఇంజెక్టర్ వెనక్కి వదిలే డీజిల్‌ను చిన్న సీసాల్లో పట్టి పోలుస్తారు. ఏ సీసా ముందుగా నిండితే ఆ ఇంజెక్టరే దొంగ. ఈ పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు, శిక్షణ కావాలి.

నలుగురం నెడితే స్టార్ట్ కాదా?

పాత బస్సులు అయ్యేవి. కొత్తవాటిలో బ్యాటరీ పూర్తిగా దిగిపోతే ఈసీయూకే కరెంటు ఉండదు, ఎంత నెట్టినా లాభం లేదు. పైగా ఎయిర్ బ్రేకుల్లో గాలి తగ్గితే స్ప్రింగ్ బ్రేకులు చక్రాలను పట్టేస్తాయి. ఒకవేళ బస్సు కదిలినా, ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకులకు గాలి నిండదు. వాలులో ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. ప్రయాణికులు నెట్టడానికి దిగకపోవడమే మంచిది.

ఇది మెకానిక్ ఒక్కడి సమస్యేనా?

కాదు. పైన చెప్పిన లోపాల్లో ఎక్కువ భాగం ముందే సంకేతాలిస్తాయి. నాలుగు రోజులుగా సెల్ఫ్ బరువుగా తిరుగుతుంటుంది. డ్రైవర్ ఆ మాట డిపోలో రాయాలి, రాసిన దాన్ని గ్యారేజీ సరిచేయాలి, సరిచేయడానికి స్పేర్ ఉండాలి, బస్సును నిలిపే సమయమూ ఉండాలి. ఈ గొలుసులో ఏ ఒక్క కొక్కెం తెగినా పొద్దున బస్సు కదలదు.

తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకాలతో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైంది. రద్దీ వల్ల సెల్ఫ్ మోటార్ పాడవదు. కానీ రద్దీకి తగ్గట్టు బస్సులు పెరగకపోతే ఉన్నవాటినే ఎక్కువగా తిప్పాలి, గ్యారేజీలో నిలిపే సమయం తగ్గుతుంది. టికెట్ ఉచితమైనా బస్సు రాకపోతే ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది.

లెక్కల్లోనూ ఒక చిక్కుంది. రవాణా సంస్థల్లో బ్రేక్‌డౌన్లను 10,000 కిలోమీటర్లకు ఎన్ని అని కొలుస్తారు. వందల బస్సుల సగటులో ఒక నైట్ హాల్ట్ బస్సు ఆగిపోవడం కనిపించదు. ఆ ఊరికి మాత్రం అది ఆ పూట మొత్తం రవాణా ఆగిపోవడమే. హైవే మీద ఆగితే వెనక బస్సులో ఎక్కిస్తారు. రోజుకు రెండు ట్రిప్పులున్న ఊళ్లో వెనక బస్సు ఉండదు.

ప్రయాణికులు ఏం అడగాలి?

బస్సు నంబరు, తేదీ, సమయం, ఊరి పేరు రాసి డిపో మేనేజర్‌కు ఇవ్వండి. ఒకే సర్వీసుకు పదేపదే జరుగుతుంటే సమాచార హక్కు చట్టం-2005 కింద మూడు విషయాలు అడగవచ్చు. గత ఆరు నెలల్లో ఆ సర్వీసు తొలి ట్రిప్పు ఎన్నిసార్లు రద్దయింది? ప్రతిసారీ నమోదు చేసిన కారణం ఏమిటి? ఆ లోపాన్ని డ్రైవర్ అంతకుముందే రాశారా? సాధారణంగా 30 రోజుల్లో జవాబు రావాలి.

మూడో ప్రశ్న కీలకం. లోపం ముందే రాసి ఉన్నా బస్సును అలాగే పంపారంటే, అది ఇంజిన్ సమస్య కాదు.